గ్రావెల్ తీసేయండి, ఫిల్టర్ జోలికి మాత్రం పోకండి: ఆక్సోలాటల్ ట్యాంక్ క్లీనింగ్ ముచ్చట్లు

హోస్ట్: హలో అందరికీ, వెల్కమ్ బ్యాక్. ఇవాళ ఆక్సోలాటల్ గురించి, అంటే జీవితాంతం నీళ్ళలోనే ఉండే ఒక రకం సాలమాండర్, కప్పల్లాగే ఉభయచరం. 2021లో మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఊరుకోవట్లేదు, ఇక్కడ డాలస్‌లో నాకు తెలిసిన మనవాళ్ళ ఇళ్ళల్లోనే కొందరు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక అందరిదీ ఒకటే గోల, ట్యాంక్ క్లీనింగ్. అందుకే చాలా ఏళ్ళుగా వీటిని పెంచుతున్న అక్కని పిలిచాం. అక్కా, ముందు అడుగున ఏం వేయాలో చెప్పు.

గెస్ట్: ఏం వేయకూడదో ముందు చెప్తాను. రంగురంగుల గ్రావెల్ వద్దు. షాపులో ట్యాంకుతో పాటు అదే చేతిలో పెడతారు, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఈ జీవి కొరికి తినదు కదా, నోరు ఠక్కున తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేస్తుంది, వానపాము పక్కన రాయి ఉంటే రాయి కూడా పోతుంది. అది లోపల ఇరుక్కుంటే తిండి మానేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. దాని సొంతూరు మెక్సికో సిటీలో సోచిమిల్కో కాలవలు, అక్కడ అడుగంతా మెత్తటి బురద. బురద మింగినా బయటికి పోతుంది, గులకరాయి పోదు.

హోస్ట్: అక్కడ కూడా ఇప్పుడు పెద్దగా మిగల్లేదు అంటారు.

గెస్ట్: అవును, 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 ఉన్నాయని లెక్కేశారు, 2014లో మళ్ళీ లెక్కేస్తే 36. బయట్నుంచి తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు ఒక కారణం, కాలవల్లో కలిసే మురుగు ఇంకో కారణం. నాకు ఇది చాలా బాధ అనిపిస్తుంది. అందుకే మన ఇంట్లో ఉన్నదానికైనా నీళ్ళు శుభ్రంగా ఉండాలని ఇంత పట్టుబడతాను.

హోస్ట్: సరే, గ్రావెల్ వద్దు. మరి ఏమీ వేయకుండా వదిలేయొచ్చా?

గెస్ట్: వదిలేయొచ్చు, పిల్లది అయితే అదే బెస్ట్, ఒక ఐదారు అంగుళాలు పెరిగేదాకా ఉత్త గ్లాసు చాలు. పెద్దదయ్యాక నేను సన్నటి ఇసుకే వేస్తాను, ఒక మిల్లీమీటర్ లోపు గింజ ఉండాలి, ఎందుకంటే గ్లాసు మీద దానికి కాళ్ళు జారుతుంటాయి, ఇసుక మీద పట్టు దొరుకుతుంది, నడక కూడా తేడా తెలుస్తుంది. మందం ఒక అంగుళం దాటొద్దు. దాటితే కింద గాలి ఆడక నల్లటి మచ్చలు పడతాయి, కెలికితే కుళ్ళిన గుడ్డు వాసన, ఆ గ్యాస్ దానికి విషం. అంగుళం లోపే ఉన్నా వారానికోసారి చేత్తో ఇసుక పైపైన కదపాలి.

హోస్ట్: ఇప్పుడు ఒకళ్ళ ఇంట్లో ఆల్రెడీ గ్రావెల్ ఉంది అనుకుందాం. కొంచెం కొంచెం తీయాలా, ఒకేసారా?

గెస్ట్: దీని మీద రెండు రకాలుగా చెప్తారు. నా మాట అయితే ఒకేసారి. కొంచెం కొంచెం తీస్తే మిగతా రాళ్ళు మింగే భయం వారాల తరబడి ఉంటుంది, పైగా తీసిన ప్రతిసారీ కింద పేరుకున్న కంపంతా నీళ్ళలోకి లేస్తుంది, పాపం అది అందులోనే ఉండాలి. కాబట్టి ముందు దాన్ని ఒక టబ్‌లోకి మార్చాలి. వలతో పట్టొద్దు, వేళ్ళూ ఆ తల పక్కన కుచ్చుల్లాంటి మొప్పలూ దారాల్లో చిక్కుకుంటాయి, ఒక ప్లాస్టిక్ డబ్బా ముంచి నీళ్ళతో పాటు ఎత్తాలి. టబ్‌లో నీళ్ళు ట్యాంకు నీళ్ళంత చల్లగానే ఉండాలి, 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్, పైన మూత.

హోస్ట్: మరి బ్యాక్టీరియా సంగతి? గ్రావెల్ మొత్తం తీసేస్తే సైకిల్, అంటే బ్యాక్టీరియా నీళ్ళని శుభ్రంగా ఉంచే పద్ధతి, పోతుంది అంటారు కదా.

గెస్ట్: ఇదే అందరూ అర్థం చేసుకోవాల్సింది. పూప్, మిగిలిన తిండి నుంచి వచ్చే విషం అమ్మోనియా, దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కొంత రాళ్ళ మీద ఉంటుంది, కానీ ఎక్కువ ఉండేది ఫిల్టర్ స్పాంజ్‌లో. రాళ్ళు తీసిన రోజు ఫిల్టర్ కడగకూడదు, ఆ తర్వాత కూడా రెండు మూడు వారాలు కడగడం జోలికి పోవద్దు. చాలామంది ఎలాగూ క్లీన్ చేస్తున్నాం కదా అని స్పాంజ్ కూడా ట్యాప్ కింద పిండేస్తారు, గ్లాసు సబ్బుతో తోమేస్తారు, ట్యాంకు తళతళలాడుతుంది, నాలుగు రోజుల్లో అమ్మోనియా లేస్తుంది. పని జరుగుతున్నంతసేపు స్పాంజ్‌ని ట్యాంకు నీళ్ళ బకెట్‌లో వేసి ఎయిర్ పంప్ పెట్టండి, ఆరిపోకూడదు. తర్వాత ఎప్పుడైనా స్పాంజ్ జిడ్డు పట్టి నీళ్ళు సరిగ్గా పోకపోతే, ట్యాంకులోంచి తీసిన నీళ్ళల్లోనే రెండుసార్లు పిండితే చాలు.

హోస్ట్: ఇసుక కడగడం?

గెస్ట్: ఓపిక కావాలి. బియ్యం కడిగినట్టే, బకెట్‌లో కొంచెం కొంచెం వేసి తిప్పడం, తెల్లటి నీళ్ళు వంచేయడం, పై నీళ్ళు తేటగా అయ్యేదాకా. ట్యాంకులో అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు ఉంచుకుని గిన్నెతో ఇసుక కిందకి దించాలి, పైనుంచి పోయొద్దు. తర్వాత ఒక ప్లేటు పెట్టి దాని మీద పడేలా నీళ్ళు నింపితే ఇసుక లేవదు. మబ్బు దిగేదాకా ఫిల్టర్ ఆన్ చేయొద్దు, ఇసుక మోటర్‌లోకి పోతుంది.

హోస్ట్: ఇప్పుడు రోజువారీ పని, పూప్.

గెస్ట్: దీనికి టర్కీ బాస్టర్‌ని మించింది లేదు, అంటే పైన రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద డ్రాపర్ లాంటి గొట్టం. వంటకి వాడేది కాకుండా ట్యాంకు కోసం ఒకటి విడిగా కొనుక్కోండి. రబ్బరు బుడ్డిని నీళ్ళలోకి దించకముందే నొక్కి పెట్టుకోవాలి, దించాక నొక్కితే గాలి బుస్సున వచ్చి పూప్ మొత్తం చెదిరి పొడి అయిపోతుంది, ఇంక దొరకదు. నొక్కి, దించి, మూతి దాని పక్కన ఆనించి, మెల్లగా వదలాలి, ముద్ద ముద్దలాగే గొట్టంలోకి వచ్చేస్తుంది. తినకుండా వదిలేసిన వానపాము ముక్కలు కూడా ఆ రోజే తీసేయాలి, కుళ్ళిన తిండి పూప్ కంటే తొందరగా నీళ్ళు పాడుచేస్తుంది. గ్రావెల్‌లో ఇదంతా సందుల్లోకి జారిపోతుంది, కనపడదు కాబట్టి లేదనుకుంటాం.

హోస్ట్: వారానికోసారి నీళ్ళు ఎన్ని మార్చాలి?

గెస్ట్: పావు వంతు. సైఫన్, అదే నీళ్ళు లాగే గొట్టం, దాని మూతిని ఇసుకలో గుచ్చొద్దు, ఒక అంగుళం పైన తిప్పితే చెత్త లేస్తుంది, ఇసుక ఉండిపోతుంది. నోటితో పీల్చి స్టార్ట్ చేయడం అస్సలు వద్దు, ఈ జీవులకి మనకి జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తీసిన నీళ్ళు మా కరివేపాకు కుండీ మొదట్లో పోస్తాను, నైట్రేట్ ఉంటుంది కదా, బాగా చిగురు వేస్తుంది. ఇంకోటి, మనవైపు బకెట్‌లో నీళ్ళు రాత్రంతా పెట్టి క్లోరిన్ పోయింది అనుకుంటాం, ఇక్కడ చాలా సిటీల్లో కలిపేది క్లోరమైన్, అది నిలవ పెట్టినా పోదు. కండిషనర్ వేయాల్సిందే, బాటిల్ మీద క్లోరమైన్‌కి పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసుకోండి.

హోస్ట్: ఇసుక మార్చాక మళ్ళీ ఎప్పుడు లోపల వదలొచ్చు?

గెస్ట్: నీళ్ళు తేటపడి, టెంపరేచర్ దిగి, టెస్ట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చాక. స్ట్రిప్స్ కాకుండా చుక్కలు వేసే కిట్ తీసుకోండి, నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉంటే హాయి. మొదటి రెండు వారాలు రోజూ టెస్ట్ చేయాలి, తిండి కొంచెం తగ్గించాలి. తోక చివర వంకీ తిరిగినా, మొప్పలు ముందుకి ముడుచుకున్నా దానికి ఏదో ఇబ్బందిగా ఉన్నట్టే, వెంటనే నీళ్ళు చెక్ చేయండి. అమ్మోనియా కొద్దిగా కనిపించినా దాన్ని మళ్ళీ టబ్‌లోకి మార్చి, రోజూ టబ్ నీళ్ళు మొత్తం మారుస్తూ, ట్యాంకు కుదుటపడేదాకా అక్కడే ఉంచండి. ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త, నీళ్ళు వేడెక్కేకొద్దీ అంతే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషం అవుతుంది, అందుకే మే నుంచి సెప్టెంబర్ దాకా మా ఇంట్లో చిల్లర్, అంటే నీళ్ళు చల్లబరిచే మెషీన్, ఆపము.

హోస్ట్: చిల్లర్ ఏది కొనాలి, కరెంటు బిల్లు ఎంత అనేది నెక్స్ట్ ఎపిసోడ్‌లో వివరంగా అడుగుతాను. థ్యాంక్యూ అక్కా.

గెస్ట్: తప్పకుండా తమ్ముడూ. గ్రావెల్ ఉన్నవాళ్ళు ఈ శనివారమే తీసేయండి.