బుడగలో పట్టని మాట

(నల్లగొండ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ముందు కింద కూర్చున్న పిల్లలకు, గ్రూప్స్ పుస్తకాలు పక్కన పెట్టి రీడింగ్ రూమ్ నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. నన్ను పుస్తక పఠనం మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇక్కడికి రాగానే ఈ పిల్లల నోట్‌బుక్కుల వెనక పేజీలు చూశాను. అన్నీ బొమ్మలే! అందుకే ఆ కాగితం జేబులో పెట్టేశాను. హైదరాబాద్‌లో అనిమే పండగకు, అంటే జపాన్ కార్టూన్ల అభిమానుల పండగకు, పోయొచ్చిన సంగతి చెబుతాను, పెద్దలు మన్నించాలి.

నేను గడియారం సెంటర్‌లో ఒక జిరాక్స్ షాపులో డీటీపీ చేస్తాను. పగలు పెళ్లికార్డులు, రాత్రి కామిక్స్. ఏడాది కూర్చుని 24 పేజీల కథ ఒకటి వేశాను. అందులో నాయిక మా నాయనమ్మ. మాది మర్రిగూడ దిక్కు. అంటే ఈ సభలో సగం మందికి అర్థమైపోయి ఉంటుంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఆమె నడుము వంగిపోయింది. తాగే నీళ్లలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదట. ఆమె బిందె మోసిన రోజుల్లో ఆ లెక్క ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

నేను గీత నేర్చుకున్నది జపాన్ కామిక్స్ చూసే. వాటిలో మనుషులు గోడలు దూకుతారు, గాల్లో తేలుతారు. వంగిన నడుముతో గడప దాటడం ఎట్లా వేయాలో మాత్రం వాటిలో నాకు దొరకలేదు. నాయనమ్మ ఎదురుగా కూర్చుని చూశాను. ముందు కుడిచెయ్యి మోకాలి మీద పడుతుంది. తర్వాత మెడ ఒక్కటే పైకి లేస్తుంది. ఆ తర్వాత కాలు కదులుతుంది. మూడు కదలికలు, మూడు గళ్లు. ఆ మూడు గళ్లకే నెల పట్టింది నాకు.

సరే, పండగ సంగతి. మొదటి బస్సుకే బయల్దేరాను. చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ దాటాక ఫైలు తెరిచి ఆఖరి పేజీ చూసుకున్నాను, మా ఇంట్లో నల్లా తిప్పే పేజీ అది. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగాను. మెట్రోలోనే అనిమే పాత్రల వేషాలు, వెండిరంగు విగ్గులు, అట్టముక్కల కత్తులు కనబడ్డాయి. హాల్లో అడుగు పెట్టగానే ఏడుపొచ్చింది. బొమ్మలు వేసేవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒక ప్రచురణ సంస్థ టేబుల్ దగ్గర కొత్తవాళ్ల పని చూస్తామని బోర్డు పెట్టారు. గంటన్నర లైన్లో నిలబడ్డాను. టేబుల్ దగ్గరున్నాయన పేజీలు తిప్పి గీత బాగుందన్నాడు. "ఇంగ్లీషులో చెయ్యండి, తెలుగులో కామిక్స్ ఎవరు చదువుతారు?" అని ఫైలు మూసి చేతికిచ్చాడు. ఆ సంస్థ పేరు చెప్పను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మండుతూనే ఉంది.

మనకు ఇట్లాంటి మాట కొత్త కాదు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు ఒకాయన రాస్తే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల్ని వెతికి పట్టుకుని, 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఇది గ్రంథాలయం, మీకు నేను చెప్పాలా!

ఇంగ్లీషులోకి మార్చి చూశాను కూడా. కథలో నాయనమ్మ అంటుంది, "నీళ్లు తియ్యగనే ఉండె బిడ్డా, లోపల ఏమున్నదో మాకేం ఎరుక" అని. ఆ 'ఎరుక' ఇంగ్లీషులోకి రాలేదు. రాదు.

నిజమే, తెలుగుకు బుడగ, అంటే బొమ్మలో మనిషి మాట రాసే గుండ్రటి జాగా, గీయడం కష్టం. జపాన్ వాళ్ల మాట నిలువుగా దిగుతుంది, బుడగ సన్నగా పొడుగ్గా ఉంటే చాలు. మనకు పైన గుడి, కింద వత్తు. వరసలు దగ్గరైతే పై వత్తు వచ్చి కింది గుడిని గుద్దుతుంది. అక్షరం చిన్నది చేస్తే జిరాక్స్‌లో ముద్దయిపోతుంది. నేను చేసేదేంటంటే, ముందు మాట రాస్తాను, దాని చుట్టూ బుడగ గీస్తాను, మిగిలిన జాగాలో బొమ్మ వేస్తాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ముందు మాట, తర్వాత బుడగ.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. బయటికొచ్చి గోడవార కూర్చున్నాను. నారింజరంగు నింజా బట్టల్లో ఒక అబ్బాయి, ఇంటర్ చదివే వయసు, పక్కన చతికిలబడ్డాడు. ఫైలు చూడొచ్చా అక్కా అన్నాడు. గడప పేజీ దగ్గర ఆగిపోయాడు. నాయనమ్మ మాట పైకి చదివాడు, మళ్లీ చదివాడు. "మా అమ్మమ్మది మునుగోడు అక్కా, అచ్చం ఇట్లనే అంటది" అన్నాడు. ఫోను తీసి అమ్మమ్మకు వీడియో కాల్ చేశాడు, ఆ పేజీ చూపించాడు. అంత గోలలో ఆమె ఏమన్నదో నాకు వినబడలేదు. ఆమె చెయ్యి మాత్రం కనబడింది. తెర మీద బొమ్మను తడుముతున్నది.

ఎవరు చదువుతారు అన్నాడు కదా ఆయన. ఇదిగో, ఆమె చదివింది.

టోక్యోలో కామికెట్ అని ఒక సంత ఉంది. సొంతంగా వేసుకున్న కామిక్స్ తెచ్చి అమ్ముకునే చోటు. ఇప్పుడు లక్షల మంది వస్తారు. 1975 డిసెంబరులో మొదలైనప్పుడు 32 బృందాలు, సుమారు 700 మంది. ఇవాళ మన హాల్లో 32 మంది పిల్లలు లేరా? అధ్యక్షుల వారూ, నేనడిగేది ఒక బల్ల, ఒక అర. పిల్లలు వేసిన పుస్తకాలు ఈ గ్రంథాలయంలో ఆ అరలో పెట్టండి, నంబరు వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండే నిమిషాలు. పిల్లలూ, షాపు నుంచి ఏ-ఫోర్ కాగితాలు తెచ్చాను. ఒక్క కాగితం ఎనిమిది గళ్లుగా మడిచి, నడిమధ్యన ఒక్క కోత పెడితే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. బొమ్మలన్నీ ఒకవైపే వస్తాయి, జిరాక్స్‌కు సులువు. మీ ఇంట్లో ముసలమ్మ నిన్న ఏమన్నదో ఆ మాటతో మొదలుపెట్టండి. కత్తెర ఒక్కటే ఉంది, ఒకరి వెనక ఒకరు రండి.