అచ్చం వాళ్ళ నాన్నేనా?

హోస్ట్: పిల్లాడు కాస్త కోపిష్టి అయితే చాలు, "అచ్చం వాళ్ళ నాన్నే, అదే రక్తం" అనేస్తాం. నిజమేనా డాక్టర్ గారూ?

డాక్టర్: నాన్న ఇచ్చింది రక్తమొక్కటేనా, బెల్టు దెబ్బలు కూడానా అని నేనడుగుతాను. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 1972-73లో పుట్టిన 1037 మందిని ఇప్పటికీ గమనిస్తున్నారు.

హోస్ట్: వాళ్ళకి యాభై దాటేసుంటాయి!

డాక్టర్: దాటాయి. మూడేళ్ళప్పుడు తల్లీబిడ్డల్ని కూర్చోబెట్టి, ఆవిడ పిల్లాణ్ణి దగ్గరికి తీస్తోందా, కసురుకుంటోందా అని రాసుకున్నారు. ఏడేళ్ళప్పుడూ, తొమ్మిదేళ్ళప్పుడూ ఇంట్లో దండన ఎలా ఉందో అడిగారు. పెద్దయ్యాక జన్యువులు చూశారు. మెదడులోని కొన్ని రసాయనాల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేసే ఎంఏఓఏ అనే జన్యువు మందకొడిగా ఉండి, చిన్నప్పుడు హింస కూడా పడ్డ మగవాళ్ళలో దౌర్జన్యం బాగా ఎక్కువని 2002లో ప్రకటించారు. అదే జన్యువు ఉన్నా, ఇంట్లో బాగా చూసుకున్నవాళ్ళలో ఆ తేడా లేదు.

హోస్ట్: అంటే నాన్న పోలిక కొంత నిజమే?

డాక్టర్: (నవ్వు) ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందండీ. మగపిల్లాడికి అది అమ్మ నుంచే వస్తుంది!

హోస్ట్: అయ్యో, నాన్న మీద వేసిన నింద పోయింది. మరి డిప్రెషన్ సంగతి?

డాక్టర్: 2003లో వాళ్ళే మెదడులో సందేశాలు మోసే రసాయనం సెరటోనిన్‌కి సంబంధించిన జన్యువు మీద అలాంటి ఫలితమే చెప్పారు. అందరూ ఎగబడ్డారు. 2009లో 14 అధ్యయనాల్ని కలిపి చూస్తే జన్యువు పాత్ర తేలలేదు. జీవితంలో తగిలిన దెబ్బలకీ డిప్రెషన్‌కీ ఉన్న సంబంధం మాత్రం నిలబడింది. 2019లో లక్షల మంది డేటాతో, పేరుమోసిన 18 జన్యువుల్ని పరీక్షించారు. ఏవో జన్యువుల్ని గుడ్డిగా ఏరినదానికన్నా అవి మెరుగేమీ కాదని తేలింది.

హోస్ట్: మరి వంశపారంపర్యం అబద్ధమా?

డాక్టర్: కాదు. వందల జన్యువులు కలుస్తాయి, ఒక్కోదాని వాటా చిటికెడు. ఒకే జన్యువు మీద కట్టిన కథే కూలింది. నాకైతే అది కూలినందుకు బాధ లేదు.

హోస్ట్: ఒక శ్రోత అడిగారు, "నాన్నకి డిప్రెషన్ ఉంది, నేను జన్యుపరీక్ష చేయించుకోనా?" అని.

డాక్టర్: ఆ డబ్బు దాచుకోమనండి. మీకు వస్తుందో రాదో అది చెప్పలేదు. నా దగ్గరికొస్తే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే మేనత్త దాకా టకటకా చెప్తారు. చిన్నప్పుడు ఎవరైనా కొట్టేవారా అంటే మాత్రం పక్కనున్న అమ్మ వైపు చూస్తారు. అప్పుడు ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమంటాను.