గోడ పక్క సీటు అడిగితే పొగరా?

ఆఫీసులో ఎవరైనా గోడ పక్క సీటు అడిగితే చాలు, "వాడికి పొగరు, ఎవరితోనూ కలవడు" అని ముద్ర వేసేస్తారు. వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ఈ వీడియో.

[తెర మీద: పెంకుటిల్లు, వీధరుగు]

సాయంత్రంపూట ఈ అరుగు చూడండి. ఒకాయన అంచున కాళ్లు వేలాడేసుకుని దారిన పోయేవాళ్లందర్నీ పలకరిస్తాడు. ఇంకొకాయన గుమ్మం పక్కన స్తంభానికి జారగిలబడి వింటూ ఉంటాడు. మాట కలపాలనిపిస్తే కలుపుతాడు, చాలనిపిస్తే లేచి లోపలికెళ్తాడు. అరుగు ఒకటే. వీధి ఎంత దగ్గరగా కావాలో మాత్రం ఎవరికి వారే జరిగి కూర్చుని తేల్చుకుంటారు. మన పాత ఇళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1984లో రస్సెల్ గీన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. నేర్చుకునే పని ఒకటి ఇచ్చి, చెవిలో ఎంత రొద ఉండాలో మీరే పెట్టుకోండి అన్నాడు. అంతర్ముఖులు, అంటే స్తంభం దగ్గరాయన లాంటివాళ్లు, తక్కువ పెట్టుకున్నారు. బహిర్ముఖులు, అంటే అంచున ఉన్నాయన లాంటివాళ్లు, ఎక్కువ. ఎవరి రొదలో వాళ్లుంటే ఇద్దరూ సమానంగా నేర్చుకున్నారు. ఒకరిది ఇంకొకరికి పెడితే ఇద్దరూ తడబడ్డారు. ఇద్దరూ! ఈ సగం ఎవరూ చెప్పరు. స్తంభం దగ్గరాయన్ని అంచుకి లాగడం ఎంత తప్పో, అంచున ఉన్నాయన్ని పడకగదిలో కూర్చోబెట్టడమూ అంతే తప్పు.

ఇక ఓపెన్ ఆఫీస్, అంటే మధ్యలో గోడల్లేకుండా అందరూ ఒకే హాల్లో కూర్చునే ఆఫీసు. స్తంభాలూ గుమ్మమూ పీకేసి అంచు ఒక్కటే మిగిల్చిన అరుగు అది. గోడలు తీస్తే మనుషులు మాట్లాడుకుంటారని ఆశ. 2018లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు సెన్సర్ బ్యాడ్జీలు తగిలించి, ఎంత మాట్లాడుకుంటున్నారో గోడలు తీయకముందూ తీశాకా కొలిచారు. ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. వాళ్లలో కలుపుగోలు వాళ్లు లేకపోరు కదా! స్తంభం దొరకనివాళ్లకి హెడ్‌ఫోన్సే స్తంభం.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. చుట్టూ జరిగేదాన్ని కొందరు తేలిగ్గా వడకట్టేస్తారు, కొందరికి అన్నీ ఒకేసారి మీద పడతాయి. 1977లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన తేడా ఇది. సిగ్గు వేరు, ఇది వేరు.

క్యాబిన్లు కట్టక్కర్లేదు. కొన్ని డెస్కులు నడిచే దారి పక్కన, కొన్ని వీపుకి గోడ ఆనేలా వెయ్యండి. ఎవరికేది కావాలో వాళ్లనే అడగండి.

మీ ఇంటి అరుగు మీద మీరెక్కడ కూర్చునేవాళ్లు? అంచునా, స్తంభం దగ్గరా? కింద రాయండి.