కొండ మీద ఊళ్లో రెండు రాత్రులు: ఇటలీ వెళ్లేవాళ్ల కోసం

[తెర మీద: తెల్లవారుజాము. లోయంతా పొగమంచు. దాని మీద తేలుతున్నట్టు ఒక రాతి ఊరు.]

ఇది చివితా ది బాన్యోరేజో. రోముకు ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్లు. ఏడాదంతా ఇక్కడ కాపురం ఉండేవాళ్లు పది పదిహేను మందికి మించరు. పగలు పదకొండింటికి వస్తే మాత్రం సందుల్లో జనాన్ని తప్పించుకుంటూ నడవాలి. సాయంత్రానికి టూరు బస్సులన్నీ వెళ్లిపోతాయి. అప్పుడు ఎవరింట్లోనో కిటికీ తలుపు వేసిన చప్పుడు కూడా వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఆ సాయంత్రం కోసమే ఈ వీడియో చేస్తున్నాను. ఇటలీ అనగానే మనవాళ్లు రోము, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్ అంటూ కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగేస్తారు. మధ్యలో ఏదో ఒక కొండ ఊరికి రెండు గంటలు కేటాయిస్తారు. ఆ రెండు గంటల్ని రెండు రాత్రులు చేయండి. ఎందుకో మూడు ఊళ్లు చూపిస్తూ చెబుతాను.

[తెర మీద: మధ్య ఇటలీ మ్యాపు. కొండల మీద చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

కింద చక్కటి మైదానం, నది, పొలాలు ఉండగా ఊరిని తీసుకెళ్లి కొండ నెత్తిన ఎందుకు పెట్టారు? శత్రువు దూరం నుంచే కనిపిస్తాడు, ఎక్కి రావడం కష్టం. ఇది ఎవరికైనా తట్టేదే. రెండో కారణం దోమ. ఇక్కడి పల్లపు నేలలు చాలాచోట్ల ఒకప్పుడు చిత్తడి నేలలు, మలేరియా ఎక్కువ. పొద్దున దిగి పొలం పని చేసుకుని, చీకటి పడేలోపు గాలి తగిలే ఎత్తుకు చేరడం ప్రాణానికి మంచిది. రోమన్ సామ్రాజ్యం కూలాక దారులకు కాపలా కూడా లేకుండా పోయింది. పదో శతాబ్దం నాటికి ఎక్కడికక్కడ ఒక దొర, కొండ మీద అతని కోట, కోట చుట్టూ ఇళ్లు, ఇళ్ల చుట్టూ గోడ. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే ఊళ్లలో చాలావాటి పుట్టుక అదే. కొన్ని అంతకంటే పాతవి. మనం ముందుగా వెళ్లేది అలాంటి ఊరికే.

[తెర మీద: ఓర్వియేతో స్టేషను. ఎదురుగా ఎత్తైన రాతి గోడలాంటి కొండ.]

ఓర్వియేతో. రోము నుంచి రైల్లో గంట, గంటంబావు. అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పే ఊరు ఇదే. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉంటూ, ఇంటి నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఇటలీ చూపించే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో కొండెక్కడం ఎలా అని భయపడక్కర్లేదు. స్టేషను ఎదురుగానే పట్టాల మీద నడిచే తాడు బండి ఉంది. దాన్ని ఫునికొలారే అంటారు. 1888లో మొదలైనప్పుడు అది నీళ్ల బరువుతో నడిచేది. పైనున్న బండి తొట్టిలో నీళ్లు నింపితే, అది కిందికి దిగుతూ రెండో బండిని పైకి లాగేది. ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది.

ఆ బండి దిగి నాలుగడుగులు వేస్తే ఒక బావి ఉంటుంది. దాని పేరు పోత్సో ది సాన్ పత్రీత్సియో. ఇక్కడ కాస్త ఆగుదాం.

1527లో సైనికులు రోమును కొల్లగొట్టారు. పోప్ ఏడో క్లెమెంట్ పారిపోయి ఓర్వియేతోలో తలదాచుకున్నాడు. నిట్టనిలువు రాతి గట్టు మీది ఊరు, శత్రువు ఎక్కలేడు. కానీ కింద చుట్టుముట్టి కూర్చుంటే? పైన నీళ్లు లేకపోతే ఎన్నాళ్లు బతుకుతారు? అందుకే ఆంతోనియో దా సంగాల్లో అనే వాస్తుశిల్పితో బావి తవ్వించాడు. 1537లో పూర్తయ్యేనాటికి ఆ పోప్ బతికిలేడు.

[తెర మీద: బావి లోపలి మెట్లు. గోడలో వరసగా కిటికీలు. కెమెరా నెమ్మదిగా కిందికి.]

లోతు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. మెట్ల బావులు మనకు కొత్త కాదు, కానీ ఇక్కడ మెట్ల దారులు రెండు. ఒకదానిలో ఒకటి మెలిపెట్టినట్టు చుట్టుకుంటూ దిగుతాయి, ఎక్కడా కలవవు. ఎందుకంటే ఈ మెట్లు కంచరగాడిదల కోసం. ఖాళీ తిత్తులతో ఒక దారిన దిగాలి, అడుగున నీళ్లు నింపుకుని చిన్న వంతెన దాటి రెండో దారిన ఎక్కాలి. ఎదురెదురుగా వస్తే ఆ ఇరుకులో రెండూ ఆగిపోతాయి కదా! మెట్లు వెడల్పుగా, బాగా తక్కువ ఎత్తుతో ఉంటాయి, గాడిద అడుగుకు తగ్గట్టు. ఒక్కో దారికి 248 మెట్లు.

దిగుతూ కిటికీలోంచి చూడండి. గోడ నున్నగా, తడిగా, పైన ఎండ పడుతుంటే కింద నాచు పచ్చగా మెరుస్తుంటుంది. అవతలి కిటికీలో ఎవరో ఎక్కుతూ కనబడతారు, మాట వినబడుతుంది, కానీ మీకు ఎదురు రారు. పైన లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంది: ప్రకృతి ఈ కోటకు ఇవ్వనిదాన్ని శ్రమ తెచ్చి కలిపింది. చుట్టూ దండు దిగుతుందన్న భయంలో కూడా గాడిద అడుగు కొలత మర్చిపోని ఆ వాస్తుశిల్పిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఓర్వియేతోలో 1290లో మొదలుపెట్టిన చర్చి కూడా ఉంది, తప్పకుండా చూడండి. ముఖభాగం పడమటి దిక్కుకు ఉంటుంది కాబట్టి పొద్దువాలే వేళ వెళ్తే బంగారు పూత మీద ఎండ నేరుగా పడుతుంది.

[తెర మీద: చేతిలో ముదురు పసుపు రంగు రాయి. గోటితో గీకితే పొడి రాలుతుంది.]

ఇది తూఫో. అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిద గట్టిపడి రాయైంది. మెత్తగా ఉంటుంది, చిన్న పనిముట్లతోనే తొలిచేయొచ్చు. ఓర్వియేతో కింద నేలంతా వందలకొద్దీ గదులు తొలిచారు: నీళ్ల తొట్లు, ద్రాక్షసారా గదులు, పావురాల గూళ్లు. అంత వీలైన రాయి. అదే రాయి చివితాకు ప్రాణాంతకమైంది.

చివితా కింద తూఫో పొర, దాని కింద బంకమన్ను. వానకు, వాగులకు ఆ మన్ను కోసుకుపోతుంది. ఆధారం పోయాక పైనున్న రాయి పగిలి, అంచున ఉన్న ఇంటితో సహా లోయలోకి జారుతుంది. 1695లో వచ్చిన భూకంపం తర్వాత జనం పక్కనున్న బాన్యోరేజోకు తరలిపోవడం మొదలుపెట్టారు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తాత్వికుడు బొనవెంతూరా ఈ ఊరివాడే. ఆయన పుట్టిన ఇల్లు ఎప్పుడో లోయలో కలిసిపోయింది. ఒకచోట వీధి పక్కన అందమైన ఇంటి ముఖం కనిపిస్తుంది. కిటికీలు కూడా సరిగ్గానే ఉంటాయి. ఆ కిటికీలోంచి చూస్తే గది ఉండదు, ఆకాశం ఉంటుంది.

[తెర మీద: పొడవాటి కాలివంతెన, ఎదురుగా ఊరు.]

ఊళ్లోకి దారి ఇదొక్కటే, 1965లో కట్టిన కాంక్రీటు కాలివంతెన. చివర బాగా నిటారుగా ఉంటుంది, పెద్దవాళ్లను ఆగి ఆగి ఎక్కనివ్వండి. 2013 నుంచి ఊళ్లోకి టికెట్టు పెట్టారు, ఇప్పుడు 5 యూరోలు. దాని గురించి గొణిగేవాళ్లున్నారు. కింద నేల జారిపోతున్న ఊరిని నిలబెట్టడానికి డబ్బు కావాలి కాబట్టి నేను సంతోషంగా ఇస్తాను. ఓర్వియేతో నుంచి బాన్యోరేజోకు బస్సుంది. ఆదివారాలు, పండగ రోజుల్లో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. బస్సు దిగాక వంతెన దాకా అరగంట నడక.

కారు తీసుకునేవాళ్లకు ఒక్క మాట. తెల్లటి గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్ర అంచు, జోనా ట్రాఫికో లిమితాతో అని రాసి ఉంటే లోపలికి తిప్పకండి. పాత ఊళ్ల మధ్య వీధులు స్థానికుల బళ్లకే. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, అద్దె కంపెనీ తన రుసుము విడిగా వేస్తుంది. గోడ బయట పార్కింగులో కారు వదిలి, బ్యాగు మోసుకుని వెళ్లండి. చక్రాల సూట్‌కేసులు ఆ రాళ్ల మీద నడవవు.

[తెర మీద: బోడి కొండలు, దూరంగా మంచు శిఖరం.]

మూడోది దూరం. లాక్విలా నగరం దాటి అబ్రూత్సో కొండల్లో, సాంతో స్తేఫానో ది సెస్సానియో. ఎత్తు 1,250 మీటర్లు. ఇక్కడ తూఫో లేదు, అంతా తెల్లటి సున్నపురాయి. ఈ ఊరిని కట్టింది గొర్రె. 1579లో ఫ్లోరెన్స్‌ను ఏలే మెదిచీ వంశం దీన్ని సొంతం చేసుకుంది. ఇక్కడి నల్ల ముతక ఉన్ని సన్యాసుల అంగీలకు, సైనికుల దుస్తులకు వెళ్లేది. మన గొంగళి నేసే ఉన్నిని తలుచుకోండి, తెలిసిపోతుంది. చలికాలం రాగానే కాపరులు మందల్ని తోలుకుని దక్షిణాన పూలియా మైదానాలకు నడిచేవారు. లాక్విలా నుంచి ఫోజా దాకా ఆ గొర్రెల బాట 244 కిలోమీటర్లు.

ఉన్ని వ్యాపారం పోయాక బతుకుతెరువు కోసం జనం వలసపోయారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి. ఆ ఖాళీ ఇళ్లనే ఇప్పుడు ఒక్కొక్క గదిగా అద్దెకిస్తున్నారు. ఒక భవనం ఉండదు, ఊరే హోటలు: గది ఒక వీధిలో, భోజనం ఇంకో వీధిలో. దీన్ని ఆల్బెర్గో దిఫ్ఫూజో అంటారు. 1976లో ఈశాన్య ఇటలీలోని ఫ్రియూలీలో వచ్చిన భూకంపం తర్వాత పాడుబడ్డ ఊళ్లను ఎలా బతికించాలన్న ఆలోచనలోంచి పుట్టిన పద్ధతి ఇది.

ఊరి మధ్య గుండ్రటి బురుజు 2009 ఏప్రిల్ 6న వచ్చిన లాక్విలా భూకంపంలో కూలిపోయింది. కొన్నేళ్లు దాని చోట ఇనుప గొట్టాల చట్రం నిలబడింది. తర్వాత బురుజును మళ్లీ కట్టారు.

ఇక్కడ రాత్రి మసూర్ గింజల (లెంటిల్స్) పులుసు అడగండి. కొండ మీద పండే ఆ చిన్న నల్ల గింజల్ని ఈ ఊరి పేరుతోనే అమ్ముతారు. శాకాహారులు మాంసం వేయకుండా చేయమని ముందే చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా దుకాణాలు మూసేస్తారు, నీళ్లూ పళ్లూ ఉదయమే కొనిపెట్టుకోండి.

[తెర మీద: ఉదయపు ఎండలో రోక్కా కలాషో కోట.]

రెండో రోజు పొద్దున్నే లేచి రోక్కా కలాషోకు నడవండి. 1,460 మీటర్ల ఎత్తున శిథిల కోట, కాలిబాటన రెండు గంటల లోపే. దారిలో మంద ఎదురైతే దూరంగా ఆగిపోండి. మందలో పెద్ద పెద్ద తెల్ల కుక్కలుంటాయి, తోడేళ్ల నుంచి గొర్రెల్ని కాయడానికి పెంచినవి. నిమరడానికి చేయి చాపొద్దు. కాపరి వాటిని పిలిచేదాకా నిలబడండి, మంద దాటాక మీ దారి మీదే.