ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు: షుగర్‌తో మళ్లీ గనిలోకి

[దృశ్యం: తిరుమల మోకాళ్ల మెట్టు. భక్తులు మోకాళ్లపై చేతులు ఆన్చి ఎక్కుతుంటారు.]

వ్యాఖ్యాత:
తిరుపతి వారికి మెట్ల లెక్క చెప్పవలసిన పని లేదు. అలిపిరి దారిలో 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఏ దారిన వెళ్లినా ఒంట్లో సత్తువ ఉండగానే ఎక్కుడు పూర్తవుతుంది. పైకి చేరాక కాళ్లు సహకరించకపోతే బస్సులో దిగి రావచ్చు. భూగర్భ గని దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ దిగుడు ముందు వస్తుంది, సులువుగానే ఉంటుంది. అసలైన ఎక్కుడు, సత్తువ అడుగంటిన తర్వాత, నిచ్చెన రూపంలో ఎదురు చూస్తూ ఉంటుంది.

సర్వే బృందాలతో గనుల్లోకి దిగడం ఒకప్పుడు నాకు అలవాటు. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది, గనికి దూరమై ఆరేళ్లయింది. మళ్లీ వెళ్లాలనుకునే నాలాంటి వారి కోసమే ఈ వీడియో.

[దృశ్యం: చిత్తూరు జిల్లా పటం. గుడుపల్లె మండలంపై గుర్తు.]

ముందుగా ఒక హద్దు. చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట బంగారు గని, భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడినప్పుడు ఆగిపోయింది. పంపులు ఆగిన గనిలో నీరు చేరుతుంది, గాలి ప్రసరణ నిలిచిపోతుంది, పాత కలప ఆధారాలు కుళ్లిపోతాయి. ఇటువంటి చోటికి సొంతంగా వెళ్లడం గురించి నేను మాట్లాడటం లేదు. యాజమాన్యం అనుమతితో, గని మనుషుల వెంట, గ్యాస్ డిటెక్టర్‌తో వెళ్లే ప్రయాణం గురించే చెబుతున్నాను.

[దృశ్యం: మెట్లు దిగుతున్న కాళ్లు, తర్వాత అవే మెట్లు ఎక్కుతున్న కాళ్లు.]

శరీరాన్ని పరీక్షించుకోవడానికి మైదానంలో నడక చాలదు. బస్సులో తిరుమల చేరుకొని, మోకాళ్ల మెట్టు వైపు 200 మెట్లు దిగి, ఆగకుండా వెనక్కి ఎక్కి చూడండి. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే అది 30 మీటర్ల లోతు. నిచ్చెన మీద చేతులకు కూడా పని పడుతుంది కనుక గనిలో ఇదే ఎత్తు ఇంకా ఎక్కువ అలసట తెస్తుంది. నేను మొదటిసారి 120 దగ్గర కూర్చుండిపోయాను. పక్కన ఒక పెద్దావిడ గోవింద నామం చెప్పుకుంటూ నన్ను దాటిపోయారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు నడకదారిన రావద్దని దేవస్థానమే సూచిస్తుంది కాబట్టి, ఈ పరీక్షకు ముందే గుండె, కళ్లు, పాదాలు డాక్టరుకు చూపించుకోవాలి.

[దృశ్యం: గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి, క్యాప్ ల్యాంప్ ఒకే బల్లపై.]

ఇప్పుడు అసలు చిక్కు. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఈ ముప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి తక్కువ. అయితే వేడిగా, తేమగా ఉన్న గనిలో చెమట అందరికీ పడుతుంది. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగి ఆక్సిజన్ తగ్గినా ఆయాసం, తికమక వస్తాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. మన గనుల నిబంధనల ప్రకారం అది 19 శాతానికి తగ్గకూడదు, బొగ్గుపులుసు వాయువు 0.5 శాతానికి మించకూడదు. తికమకపడుతున్న మనిషి ఇది షుగరా, గాలా అని తానే తేల్చుకోలేడు. అందుకే డిటెక్టర్ మోగితే ఏ పరీక్షా చేయకుండా మంచి గాలిలోకి వెళ్లాలి. గాలి బాగుందని డిటెక్టర్ చూపుతుంటే కూర్చొని 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకొని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. మీ జబ్బు గురించి, గ్లూకోజ్ ఏ జేబులో ఉందో దాని గురించి, బృందంలో కనీసం ఇద్దరికి ముందే చెప్పి ఉంచాలి. చెప్పుకోవడానికి నామోషీ పడేవారు ఇంట్లోనే ఉండటం మేలని నా అభిప్రాయం.

మన ఊరి వాళ్లకు ఇంకో మాట. జేబులో లడ్డూ ఉందిలే అనుకోవద్దు. అందులోని నెయ్యి చక్కెర రక్తంలో కలవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ నిమిషంలో పనికొచ్చేది నీళ్లలో కలిపిన గ్లూకోజ్ పొడి, లేదంటే మూడు చెంచాల పంచదార.

వెనుదిరిగే చోటు పైన ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ఉన్న శక్తిలో మూడో వంతు లోపలికి, రెండు వంతులు బయటికి అని నేను పెట్టుకున్న లెక్క. లోపల ఏ వింత రాయి కనిపించినా అది మారదు. బృందంలో నెమ్మదిగా నడిచేవారిని ముందు ఉంచాలి. వెనుక ఉంచితే వారు ఆయాసపడుతూ చేరేసరికి మిగిలినవారి విశ్రాంతి ముగిసిపోతుంది, వీరికి ఎప్పటికీ విశ్రాంతి దొరకదు.

[దృశ్యం: ఇంటి అరుగు. బూట్లు విప్పి, అద్దంతో అరికాలు చూసుకుంటున్న వ్యక్తి.]

బయటికి వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. షుగర్ వల్ల స్పర్శ మందగించిన పాదానికి తడి బూటులో చేరిన రాయి నొప్పి తెలియకపోవచ్చు. అందుకే వేళ్ల సందులతో సహా పాదాలు చూసుకోవాలి. గట్టి శ్రమ తర్వాత చక్కెర పడిపోవడం 24 గంటల వరకూ జరగవచ్చు కనుక, ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి పరీక్షించుకొని, గ్లూకోజ్ డబ్బాను తలగడ పక్కనే పెట్టుకోండి.