సీపాప్ మెషిన్: ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. టేబుల్ మీద కనిపిస్తోంది కదా, ఈ చిన్న పెట్టె సీపాప్ మెషిన్, నిద్రలో ఊపిరి ఆగిపోకుండా చూసేది. ఇది గొట్టం, ఇది మాస్క్. ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి ఇవి పెట్టుకునే పడుకుంటున్నాను. మెషిన్ మీద కంపెనీ పేరు కనపడకుండా స్టిక్కర్ అంటించాను. ఈ వైద్యం మీకు కుదురుతుందా లేదా అన్నది తేల్చేది ఎక్కువగా మాస్కే. అందుకే ఈ వీడియోలో దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు నా సంగతి. మన ఇళ్లల్లో "గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు" అంటే హాయిగా పడుకున్నాడని అర్థం. మా నాన్న గురక వీధి గుమ్మం దాకా వినిపించేది. "అలసిపోయారు, లేపకండి" అనేది అమ్మ. నాకూ ఆయన పోలికే వచ్చిందనుకున్నాను. పొద్దున లేస్తే తలనొప్పి, నోరంతా ఎండిపోయి ఉండేది. రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి లేచేవాణ్ణి. షుగరేమోనని టెస్టు చేయిస్తే నార్మల్ అని వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం విజయవాడ హైవే మీద, కోదాడ దాటాక, స్టీరింగ్ పట్టుకునే కునుకు తీశాను. మా ఆవిడ అరుపుకి మెలకువ వచ్చింది. వెనక సీట్లో పిల్లలున్నారు.

ఆ రాత్రి ఆవిడ పడుకోకుండా కూర్చుని నన్ను ఫోన్‌లో వీడియో తీసింది. గురక వస్తూ వస్తూ టక్కున ఆగిపోయింది. పొట్ట ఎగసిపడుతోంది గానీ శ్వాస చప్పుడే లేదు. ఆవిడ మెల్లగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది. ఇరవై ఆరు దగ్గర, నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా ఊపిరి ఎగబీల్చాను. ఆ వీడియో మీకు చూపించను. నాకే మళ్లీ చూసే ధైర్యం లేదు.

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి గారు పోయినప్పుడు స్లీప్ ఆప్నియా అన్న మాట టీవీల్లో వచ్చింది, గుర్తుందా? నా జబ్బూ అదే. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగిందంటే దాన్ని ఒకటిగా లెక్కవేస్తారు. శ్వాస బాగా తగ్గిపోయి ఆక్సిజన్ పడిపోయినా లెక్కే. గంటకు ఇలా ఎన్నిసార్లు జరిగిందన్నదే ఏహెచ్ఐ. 5 లోపు ఉంటే పర్వాలేదు, 30 దాటితే తీవ్రం. నిద్ర పరీక్షలో నాకు 41 వచ్చింది. అంటే నిమిషంన్నరకోసారి మెదడు నన్ను తట్టి లేపుతూనే ఉంది, నాకు మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

ఇప్పుడు మెషిన్. ఇంటికొచ్చిన చుట్టాలందరూ "ఆక్సిజన్ పెట్టారా?" అని కంగారుపడతారు. ఇందులో ఆక్సిజన్ లేదండి. గదిలో గాలినే వడకట్టి, కాస్త ఒత్తిడితో లోపలికి పంపుతుంది. ఆ గాలి గొంతును మూసుకుపోనివ్వకుండా తెరిచి ఉంచుతుంది, అంతే. 1981లో సిడ్నీ డాక్టరు కొలిన్ సలివన్ దీన్ని లోకానికి చెప్పారు. ఒత్తిడి మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క ఇది) వరకు పెట్టుకోవచ్చు. నాది ఆటో రకం, రాత్రంతా అవసరాన్ని బట్టి తనే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. నాకు ఎక్కువగా 9 దగ్గర ఉంటోంది. ఈ అంకెలు డాక్టరు పెట్టాల్సినవి, మనం చూసి మార్చుకునేవి కావు.

ఇక మాస్క్. దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ముక్కు చుట్టూ ఆనుకునే ఈ మెత్తటి సిలికాన్ అంచు ఉంది కదా, నా కష్టమంతా ఇక్కడే. మొదట నాకు అమ్మినవాళ్లు సైజు కొలవకుండా ఒకటి చేతిలో పెట్టారు. రెండు వారాలు నరకం చూశాను. గాలి పైనుంచి లీకై కళ్లలోకి కొట్టేది. లీక్ ఆపాలని పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది. అర్ధరాత్రి పీకి పడేసేవాణ్ణి. చాలామంది మెషిన్‌ని మూలన పెట్టేసేది సరిగ్గా ఈ దశలోనే. దయచేసి అక్కడ ఆగిపోకండి, మాస్క్ మార్చి చూడండి.

నేను ఒక సైజు తగ్గించాను. పట్టీలు కూర్చుని కాదు, పడుకున్నాక, గాలి ఆన్ చేశాక సరిచేయాలి, ఎందుకంటే పడుకుంటే ముఖం ఆకారమే మారిపోతుంది. బిగుతు ఎంతంటే, పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఇంకోటి, తలకు కొబ్బరినూనె రాసుకుని పడుకునే అలవాటుంటే మానుకోండి. జిడ్డు తగిలితే సిలికాన్ జారిపోతుంది. నేను పడుకునే ముందు ముఖం కడుక్కుని, పొద్దున్నే అంచుని మామూలు సబ్బునీళ్లతో కడుగుతాను. నోరు తెరుచుకుని పడుకునేవాళ్లకి ముక్కు మాస్క్ సరిపోకపోవచ్చు, నోరూ ముక్కూ రెండూ కప్పేది అడగండి.

గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ ఇది, దీని నీళ్ల తొట్టి అడుగున ఈ తెల్లటి వలయం చూశారా? మొదటి నెల మా బోరు నీళ్లు పోసిన ఫలితం. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుంది, హ్యూమిడిఫైయర్ వేడి ఆపేస్తే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది. ప్రయాణంలో తొట్టి ఖాళీ చేసి, విమానంలో మెషిన్‌ని చేతి సామానులోనే పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్‌ది కొనేముందు మోడల్ నంబరు చూసుకోండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ కొన్ని మోడళ్లను వెనక్కి పిలిచింది, లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని. అలాంటివి ఎవరి చేతిలో పడతాయో తెలియదు. డబ్బు ఇబ్బందైతే అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు, మొదటి నెల అలా చూసుకోండి.

ఫలితం చెప్పాలి కదా. నిన్న రాత్రి స్క్రీన్ మీద ఏహెచ్ఐ 2.1. బాత్రూమ్‌కి ఒక్కసారి కూడా లేవలేదు. తలనొప్పి రెండో నెలలోనే పోయింది. పెళ్లైన దగ్గర్నుంచి నా గురకకి నిద్ర చెడగొట్టుకున్న మా ఆవిడకి ఇప్పుడు ఈ సన్నటి గాలి చప్పుడే అలవాటైంది. కరెంటు పోయి అది ఆగిందంటే నాకన్నా ముందు ఆవిడే లేచి నా భుజం పట్టుకుంటుంది.

చప్పుడు ఎంతుంటుందని చాలామంది అడిగారు. ఇప్పుడు లైట్ ఆపేసి, మైకు దిండు పక్కన పెడుతున్నాను. ఒక నిమిషం వినండి. మధ్యలో టిక్కు టిక్కుమనేది మెషిన్ కాదు, గోడ గడియారం.