పాత రిజిస్టర్ల గది

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. మన బడి చరిత్ర చెప్పమన్నారు కాబట్టి నేరుగా అందులోకే వస్తాను.

గుంటూరులో బడుల గురించి మాట్లాడుతూ అమెరికా మిషనరీ హయ్యర్ దొరగారిని తలుచుకోకుండా ఉండలేం. 1842 జూలై 31న ఈ ఊళ్లో అడుగుపెట్టి బడులు తెరిచిన మనిషి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు ఇక్కడే ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. మన ఊరి బడికి అంత పేరు లేదు. అది జిల్లా బోర్డు నడిపిన హైస్కూలు. దాని చరిత్ర ఎవరూ పుస్తకంగా రాయలేదు. ఉన్నదల్లా అడ్మిషన్ రిజిస్టర్లలోనే ఉంది.

ఆ బడిలో చదువుకున్నాను, తర్వాత అక్కడే తెలుగు మాస్టరుగా పనిచేశాను. ఖాళీ పీరియడ్లలో స్టోరు రూములో కూర్చుని ఆ రిజిస్టర్లు చదివేవాణ్ణి. ఎర్ర క్యాలికో అట్టలు, పాళీ కలంతో రాసిన గుండ్రటి అక్షరాలు. ముందు మద్రాసు రాష్ట్రం, 1953 అక్టోబరు నుంచి ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్. 1959లో జిల్లా పరిషత్తులొచ్చి బోర్డు అన్న మాటే పోయింది. ఇన్ని మారినా రిజిస్టర్లో వరస నంబరు మాత్రం తెగలేదు. ఒక పిల్లవాడి తర్వాత ఇంకో పిల్లవాడు, అంతే.

పుట్టిన తేదీ గడి చూస్తే పేజీల పొడుగునా జూలై 1 అనే ఉంటుంది. ఈ హాల్లో జూలై 1 వాళ్లు ఎంతమందో ఒకసారి చేతులెత్తండి. చూశారా! మనల్ని బళ్లో వేసిన మాస్టార్లు పెట్టిన పుట్టినరోజులమ్మా ఇవి.

మా అక్కదీ జూలై 1. 1964లో ఆరో తరగతిలో చేర్చేటప్పుడు వయసెంతని అడిగితే మా నాన్న, "ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు పుట్టిందండీ" అన్నాడట. హెడ్మాస్టరుగారు 1953 అని రాసుకున్నారు. ఎనిమిదిలో ఉండగా, 1967 మాఘమాసంలో అక్కకి పెళ్లి చేశారు. లెక్కల్లో నాకంటే, మా వీధిలో అందరికంటే చురుకు. రిజిస్టర్లో ఆమె వరసకి చివర, బడి మానిన కారణం అన్న గడిలో, ఒకే ముక్క రాసి ఉంది: "గైర్హాజరు". ఆ ముక్క మీద వేలు పెట్టి నేను చాలాసేపు కూర్చున్నాను. శారదా నికేతనం పెట్టి అప్పటికి నలభై అయిదేళ్లు. ఈ ఊరికీ మా ఊరికీ మధ్య బస్సులో గంటన్నర.

చాలా ఏళ్ల తర్వాత అక్క ఆధార్‌లో జనవరి 1, 1957 అని పడింది. మూడున్నరేళ్లు చిన్నదైపోయింది. దాంతో పింఛను ఆగింది. బడికి వెళ్లి ఆ రిజిస్టరు అడిగాను. లేదు. రంగులేసేటప్పుడు గది ఖాళీ చేసి, చెదలు పట్టినవన్నీ తూకానికి ఇచ్చేశారట. అందులో చెదలు పట్టనివి కూడా పోయాయి. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మా అక్క చదువుకుందని చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే.

ఇంకా చాలా చెప్పాలని రాసుకొచ్చాను, పక్కన పెట్టేస్తున్నాను. ప్రహరీకీ గేటుకీ ఆర్చికీ చందాలు ఇస్తున్నారు, సంతోషం. ముందు ఆ మిగిలిన రిజిస్టర్లు చూడండి. బీరువా ఒకటి కావాలి. ఇనప బీరువా. మీ ఇళ్లలో పాత టీసీలు, ఎస్సెస్సెల్సీ పుస్తకాలు, గ్రూప్ ఫొటోలు ఉంటే తీసుకురండి, ఫొటో తీసుకుని మీవి మీకే ఇచ్చేస్తాం.

వచ్చే ఆదివారం పొద్దున్నే బడికి వెళ్తున్నాను. తాళం ఇస్తామని హెడ్మాస్టరుగారు మాటిచ్చారు. ఫోనుతో పేజీలు ఫొటోలు తీయడానికి నలుగురు కుర్రవాళ్లు కావాలి, దుమ్ము దులపడానికి ఇద్దరు. మెత్తటి గుడ్డలు, కలరా ఉండలు నేను తెస్తాను. ఎవరెవరు వస్తారో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.